‘పదకొండో రీలు’ ప్రాజెక్టు డైరీ: బిల్డ్ 0.1 నుంచి 0.6 దాకా

ముందు మేం తయారుచేస్తున్న కంప్యూటరు ఆట సంగతి. (బిల్డ్ అంటే ఆటకి ఒక్కో దఫా తయారైన రూపం.) గోదావరి గట్టు పక్కన చిన్న ఊళ్ళో ఒక సినిమా హాలు. 1986 ఆగస్టు వరదకి నీళ్ళు చేరి మూతపడింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. 1987 వేసవిలో బీమా సర్వేయరు ఒకాయన నష్టం లెక్క కట్టడానికి వస్తాడు. హాలు ఆపరేటరు వరదకి ముందు రోజు ఫస్ట్ షో తరవాత ఎవరికీ కనబడలేదు. ఏట్లో కొట్టుకుపోయాడని ఊరంతా అనుకుంటోంది. ఆడేవాళ్ళు నడిపేది ఆ సర్వేయరునే. ప్రతి వస్తువునీ తిప్పి చూసి రాసుకోవడమే అతని ఉద్యోగం కాబట్టి, కనబడినదల్లా క్లిక్ చేయడానికి వేరే సాకు వెతకక్కర్లేదు.

కథ ఇక్కడ దాచడం లేదు. ముందే తెలిస్తే ఆట చప్పబడుతుందనుకునేవాళ్ళు ఇక్కడే ఆగొచ్చు.

పనిముట్లు: గోడో 4 ఇంజిను, బొమ్మలకి ఆస్‌ప్రైట్, శబ్దాలకి ఆడాసిటీ. 9 గదులు, 14 వస్తువులు. ఎడమ క్లిక్కుకి పని, కుడి క్లిక్కుకి చూడటం. అంతకు మించి క్రియల పట్టీ లేదు.

బిల్డ్ 0.1: చివర్నుంచి మొదటికి

ఈ బిల్డులో బొమ్మలు లేవు. బూడిదరంగు పెట్టెలూ, కాగితం మీద చిక్కుల (పజిళ్ళ) పటమూ మాత్రమే. పటం ఎప్పుడూ చివర్నుంచి గీయాలి. ‘హాలు యజమాని అబద్ధం బయటపడింది’ అని అడుగున రాసి, దానికి ఏం కావాలి, దానికి మళ్ళీ ఏం కావాలి అని పైకి ఎక్కుతూ పోవాలి. మొదటినుంచి గీస్తే తాళం, తాళంచెవి, ఇంకో తాళం, ఇంకో చెవి అంటూ ఒకే గొలుసు తయారవుతుంది. ఆడేవాళ్ళు ఒక్కచోట ఆగితే ఆట మొత్తం ఆగిపోతుంది. చివర్నుంచి గీస్తే కొమ్మలు వాటంతటవే వస్తాయి. ఏ సమయంలోనైనా కనీసం రెండు దారులు తెరిచి ఉండాలి, మూడైతే ఇంకా మంచిది. నాలుగు దాటితే ఏది వదిలి ఏది పట్టుకోవాలో తెలియదు.

ఈ ఆటకి పెట్టుకున్న షరతు ఒకటే. ప్రతి చిక్కూ వస్తువు నిజంగా పనిచేసే తీరులోంచి రావాలి. విగ్రహం కన్ను తిప్పితే గోడ జరగడం లాంటివి ఇందులో ఉండవు. అదృష్టవశాత్తూ పాత సినిమా హాల్లో అలాంటి సరుక్కి కరువు లేదు.

నడుమనున్న లెక్క ఇది. 35 మిల్లీమీటర్ల ఫిల్ముకి అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 90 అడుగులు. 1000 అడుగుల రీలు 11 నిమిషాల చిల్లర నడుస్తుంది. బొమ్మ 14 రీళ్ళు. పదకొండో రీలు మొదలయ్యేసరికి 10,000 అడుగులు అయిపోతాయి, అంటే 111 నిమిషాలు. ఏడో రీలు తరవాత ఇంటర్వెల్ 15 నిమిషాలు. షో 6:00కి మొదలైతే పదకొండో రీలు 8:06కి పడాలి. అతుకు (కాలిన ముక్క కోసి ఫిల్ముని మళ్ళీ అతికించిన చోటు, ఆ క్షణంలో ఆపరేటరు మెషిను దగ్గర లేడని చెప్పే ఆధారం) ఆ రీల్లో 360 అడుగుల దగ్గర ఉంది, అంటే ఇంకో 4 నిమిషాలు: 8:10. యజమాని ట్రంక్ కాల్ చీటీలో 8:05కి మొదలైన కాలు రెండు యూనిట్లు ఉంది. యూనిటుకి 3 నిమిషాలు, కాబట్టి 8:11 దాకా ఆయన ఫోన్లోనే ఉన్నాడు. నిర్దోషి.

కాకపోతే ఆ రోజుల్లో అసలు బొమ్మకి ముందు ఫిలిమ్స్ డివిజన్ వాళ్ళ న్యూస్‌రీలు వేయడం తప్పనిసరి. ఆ డబ్బా మీద 900 అడుగులని ఉంటుంది, అంటే 10 నిమిషాలు. అది కలిపితే అతుకు సమయం 8:20 అవుతుంది, ఫోను సాక్ష్యం పనికిరాకుండా పోతుంది. కాబట్టి యజమాని దాచాల్సింది పదకొండో రీలుని కాదు, న్యూస్‌రీలు డబ్బాని.

నిజంగా రీళ్ళన్నీ సరిగ్గా 1000 అడుగులు ఉండవు. అందుకని డబ్బా మూతల మీద 960, 1010, 985 లాంటి అంకెలే వేసి, మొదటి పదీ కలిపితే 10,000 వచ్చేలా సరిచూశాం. ప్రకటనల స్లైడ్లు 6 గంటలకి ముందే వేసేస్తారని గేటు దగ్గరి బోర్డు మీద రాశాం. ఇలాంటి సందు ఒక్కటి వదిలినా, లెక్క సరిగ్గా వేసినవాళ్ళకే తప్పు జవాబు వస్తుంది. మిస్టరీ ఆటలో అంతకంటే ద్రోహం లేదు.

కరెంటు గొలుసు చిన్నది: జనరేటరుకి డీజిలు, జనరేటరు నుంచి రెక్టిఫయరు (ఏసీని డీసీగా మార్చేది), రెక్టిఫయరు నుంచి ఆర్క్ ల్యాంపు (ప్రొజెక్టరుకి వెలుగిచ్చే దీపం). కార్బన్ కడ్డీలు రెండు, లావుదీ సన్నదీ. డీసీ ఆర్కులో పాజిటివ్ కడ్డీ తొందరగా కాలుతుంది కాబట్టి లావుది పాజిటివ్ వైపు బిగించాలి. తారుమారు చేస్తే వెలుగు నిలవదు, బుసబుసమని చప్పుడొస్తుంది. తప్పు బిగించినా కడ్డీలు ఖర్చయిపోవు, తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు. ఆటలో ఏ వస్తువూ తిరిగి దొరక్కుండా పోకూడదన్నది పటం మూలన ఎర్రసిరాతో రాసుకున్న నియమం.

బిల్డ్ 0.2: నడక, క్లిక్కు

కాన్వాసు (ఆట గీసే తెర) 640×360 పిక్సెళ్ళు. దీన్ని 2 రెట్లు చేస్తే 1280×720, 3 రెట్లకి 1920×1080, 4 రెట్లకి 2560×1440. పాత లాప్‌టాపుల 1366×768 తెర ఒక్కటే పేచీ. పూర్ణ సంఖ్యలో సాగదీస్తే 2 రెట్ల దగ్గర ఆగి, పక్కల 43, పైనా కిందా 24 పిక్సెళ్ళ నల్ల అంచు మిగులుతుంది. అంచు ఉండనిచ్చాం. తెర నిండాలని 2.13 రెట్లు సాగదీస్తే కొన్ని పిక్సెళ్ళు లావుగా, కొన్ని సన్నగా తయారై ఇటుక గోడలన్నీ వంకర్లు పోతాయి.

సర్వేయరు ఎత్తు 120 పిక్సెళ్ళు. నడక 8 ఫ్రేములు, సెకనుకి 10 చొప్పున, అంటే రెండడుగులకి 0.8 సెకను. వేగం సెకనుకి 110 పిక్సెళ్ళు, కాబట్టి ఒక చుట్టుకి 88 పిక్సెళ్ళ ముందడుగు. మనిషి రెండడుగుల దూరం అతని ఎత్తులో ముప్పాతిక కంటే బాగా తగ్గితే కాళ్ళు నేలమీద జారుతున్నట్టుంటాయి. ఇక్కడ 73 శాతం. నడివయసు గుమాస్తా నడకకి చాలు. వేగం మారిస్తే ఫ్రేముల వేగం కూడా అదే నిష్పత్తిలో మార్చాలి, ఒక్కటే మారిస్తే జారుడు తప్పదు.

దూరం వెళ్ళేకొద్దీ మనిషిని చిన్నది చేసే ఏర్పాటు తీసేశాం. పిక్సెల్ బొమ్మని 0.83, 0.79 అంటూ కుదిస్తే ప్రతి అడుక్కీ ఒక వరస పిక్సెళ్ళు మాయమై ముఖం వణుకుతుంది. బదులుగా రెండే పరిమాణాలు గీశాం, 120, 90. హాలుని నేల టిక్కెట్ల వైపు ఒక తెరగా, బాల్కనీ మెట్ల వైపు ఒక తెరగా విడగొట్టాం. దూరపు తెరలో 90 పిక్సెళ్ళ బొమ్మ నడుస్తుంది. వేగం కూడా 82కి తగ్గాలి.

దారి వెతకడానికి గోడోలోని నావిగేషన్ రీజియన్ (నడవగల నేల), ఏజెంట్ (దాని మీద నడిచే పాత్ర). ఇక్కడ తగిలే దెబ్బలు మూడు. గది తెరిచిన మొదటి ఫిజిక్స్ ఫ్రేములో నావిగేషన్ పటం ఇంకా సిద్ధం కాదు; రెడీ ఫంక్షన్లోనే (గది తెరవగానే నడిచే కోడు) గమ్యం ఇస్తే ఖాళీ దారి వస్తుంది, పాత్ర గుమ్మంలో నిలబడిపోతుంది. ఒక ఫిజిక్స్ ఫ్రేము ఆగి ఇవ్వాలి. రెండోది, ఏజెంటు వ్యాసార్థం 10గా ఉంటే 20 పిక్సెళ్ళ కన్నా ఇరుకైన సందులు బేక్ చేసేటప్పుడు (నడవగల నేల లెక్క కట్టేటప్పుడు) మూసుకుపోతాయి. కుర్చీల వరసల మధ్య దారి పోవడానికి కారణం ఇదే. వ్యాసార్థం 4 చేస్తే తెరుచుకుంటుంది. మూడోది, గమ్యానికి ఎంత దగ్గరికొస్తే చేరినట్టో చెప్పే దూరం ముందే 10 పిక్సెళ్ళుగా పెట్టి ఉంటుంది. బీరువాకి ఎడంగా నిలబడి చెయ్యి గాల్లో ఊపుతాడు. దాన్ని 2 చేయాలి. 0.5 చేయకూడదు: సెకనుకి 60 ఫ్రేముల్లో 110 పిక్సెళ్ళంటే ఫ్రేముకి 1.83, కాబట్టి గమ్యం దాటిపోయి, వెనక్కొచ్చి, మళ్ళీ దాటి అక్కడే వణుకుతాడు.

క్లిక్ చేయదగిన చోట్లకి ఏరియా 2డి, దాని కింద బహుభుజి. అతి చిన్నది కూడా 16×16 ఉండాలి, పెద్ద తెర మీద అది 48×48 అవుతుంది. సిగరెట్టు పీక లాంటి వస్తువు 5 పిక్సెళ్ళే గీసినా దాని బహుభుజి 16 ఉంటుంది. క్లిక్కులు పనిచేయడం లేదంటే పదికి తొమ్మిదిసార్లు దోషం కంట్రోల్ నోడ్లదే (బటన్లు, రంగు పలకల్లాంటి తెర ముక్కలు). తెర నల్లబడేందుకు పెట్టిన రంగు పలకని పూర్తి పారదర్శకం చేసినా అది క్లిక్కులు మింగుతూనే ఉంటుంది. దాని మౌస్ ఫిల్టర్‌ని ఇగ్నోర్ చేయాలి, లేదా పని అయ్యాక దాచేయాలి. బల్ల మీద టార్చి ఉంటే క్లిక్కు రెండింటికీ తగులుతుంది; వ్యూపోర్టులో పికింగ్ సార్ట్, ఫస్ట్ ఓన్లీ రెండూ ఆన్ చేస్తే పైదానికే తగులుతుంది.

స్పేసు నొక్కితే గదిలో క్లిక్ చేయదగినవన్నీ చుక్కలుగా మెరుస్తాయి. దీన్ని మోసం అనేవాళ్ళున్నారు. పిక్సెళ్ళ వేట తెలివికి పరీక్ష కాదు, కళ్ళద్దాలకి పరీక్ష. ఆ మీట ఉంటుంది.

బిల్డ్ 0.3: చీకటి

ఇలాంటి ఆటలు ఎక్కువగా చెడేది ఇక్కడే. చీకటి వేయడానికి సులువైన దారి కాన్వాస్ మాడ్యులేట్ నోడ్, తెర మీది ప్రతి రంగునీ ఒక సంఖ్యతో గుణిస్తుంది. ఆ గుణకారంలోనే తిరకాసుంది. గోడ వెలుగు 120, గోడకి చేరేసిన డబ్బా వెలుగు 160 అనుకుందాం; తేడా 40. దాన్ని 0.25తో గుణిస్తే 30, 40, తేడా 10. గీసినవాళ్ళ గదిలో లైటార్పి చూస్తే భేషుగ్గా ఉంటుంది. మధ్యాహ్నం కిటికీ పక్కన లాప్‌టాపులో డబ్బా లేదు, గోడ లేదు, నల్లటి పలక ఉంది.

అందుకని కొలతలు పెట్టుకున్నాం. గుణకం 0.45 కంటే దిగదు. ఆధారంగా పనికొచ్చే ఏ వస్తువు వెలుగూ చివరి తెర మీద 255లో 35 కంటే తగ్గదు, వెనకదానికీ దానికీ తేడా కనీసం 25. ప్రతి గదినీ స్క్రీన్‌షాట్ తీసి, నలుపు తెలుపు చేసి, కంటిడ్రాపరుతో (బొమ్మలో ఏ చోటు రంగైనా అంకెల్లో చూపే పనిముట్టు) అంకెలు చదివి సరిచూడాలి. కంటిని నమ్మకూడదు, పది నిమిషాల్లో అది చీకటికి అలవాటు పడిపోతుంది. చీకటిగా అనిపించేలా చేసేది నలుపు కాదు, రంగు. నీలం వైపు ఒరిగిన నీడలు, ఒక్కచోట పసుపు వెలుగు ఉంటే 35 వెలుగున్న గోడ కూడా అర్ధరాత్రిలా ఉంటుంది.

టార్చికి పాయింట్ లైట్ 2డి. దాని వెలుగు బొమ్మ 256×256, నునుపైన వలయం కాకుండా అయిదు మెట్లుగా, మెట్ల అంచుల్లో చుక్కల అల్లికతో గీశాం. నునుపైన వెలుగు పిక్సెల్ గోడ మీద అద్దం అంటించినట్టు వేరుగా తేలుతుంది.

ఇక వరద గుర్తు, ఈ బిల్డుకి అసలు పని అదే. హాల్లో నీళ్ళు 4 అడుగులు నిలిచాయి. సర్వేయరు అయిదడుగుల ఆరంగుళాలు, 120 పిక్సెళ్ళు. 48 అంగుళాలంటే 87 పిక్సెళ్ళు. 90 పిక్సెళ్ళ తెరల్లో 65. గోడ మీద, స్తంభాల మీద, కుర్చీల వీపుల మీద ఒండ్రు గీత అన్నిచోట్లా ఈ ఎత్తులోనే తెగాలి. ఒక్క స్తంభం మీద పది పిక్సెళ్ళు పైకి పోయినా, చూసేవాళ్ళు అదో ఆధారమనుకుని గంటసేపు దాని చుట్టూ తిరుగుతారు.

చిక్కు ఇది: గీతకి దిగువనున్న ప్రతిదాని మీదా ఒండ్రు పట్టి ఉంటుంది. టికెట్ల గది అటక కింద, నేలకి అడుగెత్తున, న్యూస్‌రీలు డబ్బా ఒక్కటి మాత్రం శుభ్రంగా ఉంటుంది. అంటే నీళ్ళు తీశాక ఎవరో తెచ్చి పెట్టారు. ఈ తేడా కనబడాలంటే ఒండ్రుకి ఒక ప్రత్యేకమైన రంగు ఉండాలి, ఆ రంగు ఇంకెక్కడా వాడకూడదు. మా రంగుల పెట్టెలో 32 రంగులుంటే రెండు ఒండ్రుకే కేటాయించాం. తుప్పుకీ, చెక్కకీ, బెల్లం రంగు గోడకీ వాటి జోలికి పోలేదు. వాచ్‌మన్ మాట ఒకటి దీనికి తోడు: “ఆయ్ బాబుగారూ, ఆ గదిలో అడుగేసినోడు లేడండి, తాళం ఓనరు గారి కాడే ఉంటాది.”

కింది గదిలో తడిసిన రీళ్ళు కూడా పెట్టాం. తడిసి ఆరిన ఫిల్ము జిగురు పొరలు ఒకదానికొకటి అతుక్కుని ముద్దవుతుంది, విప్పబోతే చిరుగుతుంది. పై క్యాబిన్లో ఉన్నవి మాత్రమే ఎందుకు నడుస్తాయో దీనితో తేలిపోతుంది.

బిల్డ్ 0.4: తెలుగు అక్షరం

అక్షరాలకి పిక్సెల్ ఫాంటు మానేశాం. 640×360లో వరసకి 12 పిక్సెళ్ళిస్తే ఇంగ్లీషు హాయిగా కూర్చుంటుంది. తెలుగులో పైన గుడి, కింద ఒత్తు, దాని కింద ఇంకో ఒత్తు పట్టాలి, అన్నీ కలిసి మరకవుతాయి. సాగదీత పద్ధతిని వ్యూపోర్టుగా కాక కాన్వాస్ ఐటమ్స్‌గా పెడితే బొమ్మలు 640×360లోనే ఉంటాయి, అక్షరాలు మాత్రం తెర అసలు రిజల్యూషన్లో పడతాయి. ఫాంటు నోటో శాన్స్ తెలుగు, పరిమాణం 14, వరసల మధ్య దూరం పరిమాణానికి 1.6 రెట్లు. గోడో 4లో హార్ఫ్‌బజ్ (అక్షరాలు కూర్చే లైబ్రరీ) ఉంది కాబట్టి గుణింతాలు, ఒత్తులు సరిగ్గానే కుదురుతాయి.

టైపు అవుతున్నట్టు ఒక్కో అక్షరం వచ్చే ఏర్పాటులో మాత్రం తెలుగుకి వేరే జాగ్రత్త కావాలి. ముందే పెట్టి ఉండే పద్ధతి అక్షరాలని కూర్చకముందే వాక్యాన్ని తెంపుతుంది. ‘లక్ష్మి’ రాయాలంటే ల, లక, లక్, లక్ష, లక్ష్, లక్ష్మ, లక్ష్మి అని అన్ని అవతారాలూ తెర మీద మెరిసిపోతాయి. పైగా వరస చివరి మాట సగం పడ్డాక కింది వరసకి దూకుతుంది. విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్‌ని ‘ఆఫ్టర్ షేపింగ్’కి మారిస్తే ఆ దూకుడు పోతుంది.

వేగం సంగతి వేరు. ‘క్ష్మి’ కంటికి ఒక్క అక్షరం, కంప్యూటరుకి ఆరు సంకేతాలు. సంకేతాల లెక్కన పోతే ఒత్తులున్నచోట మాట నత్తిగా నడుస్తుంది. వాక్యాన్ని ముందే అక్షరాల హద్దుల దగ్గర కోసి, సెకనుకి 14 అక్షరాల చొప్పున వదలాలి. హద్దులకి గోడోలో అక్షరాల పని చూసే టెక్స్ట్ సర్వర్లో ఫంక్షను ఉంది. యూనికోడ్ పాత నియమం పొల్లు దగ్గర కూడా హద్దు చూపిస్తుంది, 15.1లో వచ్చిన కొత్త నియమం తెలుగు సంయుక్తాక్షరాలని కలిపే ఉంచుతుంది. ఏది వస్తుందోనన్న బెంగ లేకుండా, పొల్లు వెంటనే హల్లు వస్తే అక్కడ ఆగొద్దని మన షరతు ఒకటి పైన పెడితే సరి. ‘ఇన్‌స్పెక్టర్’ లాంటి మాటల్లో పొల్లు తరవాత కనబడని విడదీత గుర్తుంటుంది, దాన్ని తీసేస్తే మాట ఆకారమే మారిపోతుంది. స్ప్రెడ్‌షీటులో ‘శుభ్రం చేసే’ మీటలు దాన్నే ముందు తుడిచేస్తాయి. మాటలన్నీ సీఎస్‌వీ ఫైల్లో (కామాలతో విడగొట్టిన పట్టిక) ఉంటాయి, బీఓఎం (ఫైలు మొదట్లో ఉండే కనబడని గుర్తు) లేని యూటీఎఫ్-8లో భద్రపరచాలి, కామా ఉన్న వాక్యాన్ని కొటేషన్లలో పెట్టాలి.

ఇక విభక్తులు. కింద పట్టీలో ‘టార్చిని పెట్టెలో పెట్టు’ లాంటి వాక్యం చూపాలి. వస్తువు పేరుకి ‘ని’ అంటించే కోడు రెండో వస్తువుకే విరిగిపోతుంది: టార్చిని సరే, తాళంని అనం, తాళాన్ని అంటాం, నూతిలో అనాలి, నుయ్యిలో అనకూడదు. నియమాలు రాయడం కంటే పట్టిక రాయడం చవక. ప్రతి పేరుకీ నాలుగు గడులు: టార్చి, టార్చిని, టార్చితో, టార్చి మీద; తాళం, తాళాన్ని, తాళంతో, తాళం మీద. 14 వస్తువులూ, 90 చోట్లూ కలిపి 104 వరసలు. ఒక సాయంత్రం పని.

అన్నీ అన్నిటి మీదా వాడితే ఏమవుతుంది? 14ని 90తో గుణిస్తే 1260 జవాబులు. అన్నీ రాయడం కుదరదు. ‘అది పనికిరాదు’ అని ఒక్కటే 1200 సార్లు చెబితే ఆడేవాళ్ళకి విసుగు. నడిమార్గం: పటంలో ఉన్న సరైన జంటలకి సొంత జవాబు, ఎవరికైనా తట్టే తెలివైన తప్పులకి సొంత జవాబు, మిగతావాటికి వస్తువుకి మూడేసి చొప్పున 42 వాక్యాలు వంతులవారీగా. తెలివైన తప్పులకి జవాబు రాయడం మీద పెట్టిన శ్రమ ఎక్కడికీ పోదు. జనరేటరులో కిరసనాయిలు పోయబోతే ‘డీజిలు ఇంజినండీ ఇది, కిరసనాయిలుతో నడిపితే పంపు అరిగిపోతుంది’ అని వాచ్‌మన్ ఆపుతాడు. దారి మూసుకున్నా కారణం దొరికింది.

బిల్డ్ 0.5: అతుకు

ఆటలో అన్నిటికంటే కష్టపడి కట్టిన చిక్కు. ప్రొజెక్టరులో బొమ్మ పడేది గేటు దగ్గర, శబ్దం చదివేది దానికి దిగువనున్న డ్రమ్ము దగ్గర. రెండింటి మధ్య సుమారు 20 ఫ్రేములు. అందుకే ప్రింటులో ప్రతి బొమ్మకీ చెందిన శబ్దాన్ని 20 ఫ్రేములు ముందుకి జరిపి ముద్రిస్తారు. ల్యాబులో కోస్తే బొమ్మా శబ్దమూ వేర్వేరుగా కోసి, తరవాత ముద్రిస్తారు కాబట్టి తెర మీద రెండూ ఒకేసారి ఎగురుతాయి. ప్రింటునే కత్తెరతో కోసి అతికిస్తే అతుకు ముందు గేటు దాటుతుంది, 20 ఫ్రేముల తరవాత డ్రమ్ము దాటుతుంది: బొమ్మ ఎగిరాక 0.83 సెకనుకి ‘టప్’ మంటుంది.

‘ల్యాబు నుంచే అలా వచ్చిందండి ప్రింటు’ అని యజమాని అంటాడు. ఆడేవాళ్ళు రీలు నడిపి, చెవితో విని, అది అబద్ధమని పట్టుకోవాలి. కోసింది కాలిన ముక్కని. ఫిల్ము గేట్లో ఇరుక్కుంటే ఆర్కు వేడికి ఆ ఫ్రేము ఉబ్బి కరుగుతుంది; మనిషి పక్కనుంటే తక్షణం వెలుగు మూస్తాడు. మూయలేదంటే 8:20కి క్యాబిన్లో ఆపరేటరు లేడు, లేదా లేవలేని స్థితిలో ఉన్నాడు. మెషిన్లలో ఫైర్ షట్టరు ఉంటుంది, ఫిల్ము వేగం పడిపోతే దానంతటదే మూసుకుంటుంది. కాబట్టి ‘షట్టరు స్ప్రింగు పోయింది, చెప్పి నెలయింది’ అన్న వాక్యం ఆపరేటరు నోటు పుస్తకంలో ముందే ఉండాలి. అది లేకపోతే మెషిను ఎరిగినవాళ్ళు ఈ చిక్కుని ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

ఆడేవాళ్ళలో చాలామందికి ఈ 20 ఫ్రేముల సంగతి తెలిసి ఉండదు. అందుకని మూడు మెట్లు. నోటు పుస్తకంలో గేటు, డ్రమ్ము, మధ్య దూరం గీసిన బొమ్మ. నాలుగో రీల్లో ల్యాబు కోత ఒకటి, బొమ్మా శబ్దమూ కలిసి ఎగురుతాయి, సర్వేయరు దాని గురించి ఏమీ అనడు. ఆ తరవాతే పదకొండో రీలు. పోల్చుకోవడానికి మంచి నమూనా ముందు చూపించకుండా చెడ్డదాన్ని గుర్తుపట్టమనడం అన్యాయం.

కట్టిన పద్ధతి: గోడోలోని వీడియో ప్లేయరు ఓగ్ థియోరా ఒక్కటే ఆడుతుంది, ఫ్రేము ఫ్రేముకీ పట్టు దొరకదు. అందుకని తెర మీది బొమ్మని స్ప్రైట్ ఫ్రేములుగా గీశాం, సెకనుకి 12 గీతలు, ఒక్కోటి రెండు ఫ్రేములు. గడియారం శబ్దానిదే. ప్లేయరు చెప్పే స్థానానికి చివరి మిక్సు తరవాత గడిచిన సమయం కలిపి, అవుట్‌పుట్ ఆలస్యం తీసేసి, దాన్ని 24తో గుణించి, పూర్ణాంకం తీసుకుంటే ఇప్పుడు చూపాల్సిన ఫ్రేము వస్తుంది. డెల్టా (ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య గడిచిన సమయం) కలుపుకుంటూ పోతే కంప్యూటరు ఒక్కసారి తడబడినా బొమ్మా శబ్దమూ విడిపోతాయి, అప్పుడు ఆధారమే అబద్ధం చెబుతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం 0.2 సెకను దాకా వెనకబడొచ్చు; 0.83 ముందు అది చిన్నదే కాబట్టి నాలుగో రీలుకీ పదకొండో రీలుకీ తేడా చెడదు.

శబ్దం వినలేనివాళ్ళకి ఇంకో దారి ఉంది. రీలుని రివైండింగ్ బల్ల మీద చేత్తో తిప్పితే అతుకు టేపు కనబడుతుంది, భూతద్దం కింద పెడితే అంచున కాలిన మరక. పటంలో రెండు దారులూ ఒకే గడికి చేరతాయి.

రీలు మార్చే గుర్తులు కూడా వేశాం. కుడి పై మూలన చుక్క, 4 ఫ్రేములు. చివరికి 8 సెకన్ల ముందు ఒకటి, సుమారు సెకను ముందు ఇంకొకటి. మొదటిదానికి రెండో మెషిను మోటారు, రెండోదానికి మార్పు. ఇది చిక్కు కాదు, ఊరికే చేయి తిరగడానికి.

బిల్డ్ 0.5.2: శబ్దాలు

గది శబ్దాలు రెండు పొరలు, ఒకటి 37 సెకన్లు, ఒకటి 53. రెండూ ప్రధాన సంఖ్యలు కాబట్టి కలయిక మళ్ళీ మొదటికి రావడానికి 1961 సెకన్లు, అరగంట పైన. నీటి చుక్క వేరుగా, 4 నుంచి 11 సెకన్ల మధ్య ఎప్పుడైనా. పొడుగు శబ్దాలు ఓగ్‌లో, పొట్టివి వేవ్‌లో. ఎంపీ3 మొదట్లో సన్నని నిశ్శబ్దం చేరుతుంది, లూపు అతుకు దగ్గర తెలుస్తుంది. ఓగ్‌కి ఇంపోర్టులో లూప్ గడి టిక్కు పెట్టాలి, లేకపోతే 37 సెకన్లకి గది మూగబోతుంది. భయపెట్టే తీగ వాయిద్యాలు ఎక్కడా లేవు. జనరేటరు ఆగిపోయాక వచ్చే ఖాళీ చాలు.

బిల్డ్ 0.6: సేవ్, పరీక్ష

సేవ్ ఫైలు జేసన్ (సాదా అక్షరాల్లో సమాచారం దాచే రూపం). జేసన్‌లోంచి చదివిన అంకెలన్నీ గోడోలో దశాంశాలుగా వస్తాయి. 3 రాసి పెడితే 3.0 వస్తుంది. ‘==’ గుర్తుతో పోలిస్తే రెండూ సమానమే, విలువని బట్టి దారి ఎంచే మ్యాచ్‌లో మాత్రం కాదు. కాబట్టి సేవ్ తెరిచాక వాచ్‌మన్ మాటలు మొదటికి పోతే వెతకాల్సింది మ్యాచ్ దగ్గర. చదివిన వెంటనే పూర్ణాంకాలుగా మార్చేయాలి, లేదా స్థితులకి అంకెలు మాని పేర్లు పెట్టాలి. మేం పేర్లకి మారాం. ప్రతి ఫైలు మొదట్లో రూపం సంఖ్య ఉంటుంది, పాత బిల్డు సేవ్‌లు తెరిచేటప్పుడు దాన్ని చూసి కొత్త జెండాలు (ఏది జరిగిందో, ఏది జరగలేదో చెప్పే గుర్తులు) కలుపుతాం.

దారి మూసుకుపోయే స్థితుల కోసం ఒక స్క్రిప్టు రాత్రంతా గుడ్డిగా క్లిక్ చేస్తూ ఉంటుంది. ప్రతి వంద క్లిక్కులకోసారి చిక్కుల పటంతో సరిచూసి, ఇప్పుడున్న స్థితి నుంచి చివరికి దారి ఉందా లేదా అని రాసుకుంటుంది. మనుషులు ఆడేటప్పుడు ఏ వస్తువుని దేని మీద వాడారో సీఎస్‌వీలోకి పోతుంది. ఆ జాబితాలో పైకి తేలినవే తరవాతి బిల్డులో సొంత జవాబు పొందే తెలివైన తప్పులు. ఈసారి పైన నిలిచింది: ఒండ్రు పట్టిన కుర్చీ మీద టేపు కొలబద్ద. గుర్తు ఎత్తు కొలవాలని అందరికీ తడుతోంది, ఆట పట్టించుకోవడం లేదు. 0.7లో కొలబద్ద ఏ గోడ మీద పెట్టినా ‘నాలుగడుగులు’ అని సర్వే కాగితంలో ఎక్కుతుంది, టికెట్ల గది అటక దగ్గర మాత్రం దాని కింద ఇంకో గడి ఖాళీగా తెరుచుకుంటుంది: ‘గీతకి దిగువన, ఒండ్రు లేనివి’.

ఫోనుకి మార్చే పని మొదలు కాలేదు. అక్కడ వస్తువు మీద మౌసు ఆనించడమనేది ఉండదు కాబట్టి పేరు చూపడానికి 0.4 సెకను నొక్కి పట్టుకోవడం, 16 పిక్సెళ్ళ బహుభుజులన్నీ 24కి పెంచడం, అవి ఒకదాని మీద ఒకటి ఎక్కే చోట్ల వస్తువులని జరపడం మిగిలాయి. క్యాబిన్ బల్ల మీద ఆరు వస్తువులున్నాయి, రెండు కిందకి దిగాలి.